ఉద్యోగానికి రెండు అర్హతలు

కాలేజీ చదువు చివరి సంవత్సరానికి వచ్చేసరికి మన పిల్లల నోట ఒకటే ప్రశ్న: "ఏ కోర్సు నేర్చుకుంటే త్వరగా ఉద్యోగం వస్తుంది?" తల్లిదండ్రుల ఆందోళన కూడా అదే. ప్రశ్నలో తప్పు లేదు. హలాల్ సంపాదన కోసం శ్రమించడం మన బాధ్యత. అయితే అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న మరొకటుంది. పని ఇచ్చేవాడు మనలో ఏం చూడాలి?

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరినప్పుడు బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్ళు తోడిపెట్టారు. ప్రతిఫలం అడగలేదు. తర్వాత వారిలో ఒకామె ఆయన్ని పనిలో పెట్టుకోమని తండ్రికి చెబుతూ రెండు గుణాలు పేర్కొన్నదని ఖసస్ సూరా తెలుపుతోంది. ఒకటి శక్తి, రెండోది నమ్మకం. అంటే సామర్థ్యం, అమానత్. ఈ రెండింటికీ మన కాలపు అనుభవజ్ఞుల జీవితాల్లో ఉదాహరణలున్నాయి.

సామర్థ్యం: 1966లో తండ్రి మరణించడంతో అజీం ప్రేమ్‌జీ 21వ ఏట అమెరికాలో ఇంజనీరింగ్ చదువు ఆపి వచ్చి, కుటుంబపు వంటనూనెల కంపెనీ బాధ్యత తీసుకున్నారు. తెలియని వ్యాపారాన్ని పనిచేస్తూనే నేర్చుకున్నారు. ఆగిపోయిన డిగ్రీని మూడు దశాబ్దాలు దాటాక పూర్తిచేశారు. నేర్చుకోవడం పట్టాతో ముగిసిపోదని దీన్నిబట్టి గ్రహించాలి.

అమానత్: 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్.ఎల్.వి-3 రాకెట్ కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ ప్రాజెక్టుకు సారథి అబ్దుల్ కలామ్. కంప్యూటర్ ఆపమని హెచ్చరించినా ప్రయోగానికి అనుమతించింది తానేనని ఆయనే ఎన్నోసార్లు విద్యార్థులకు చెప్పారు. ఆ రోజు విలేఖరుల ముందు బాధ్యత తలకెత్తుకున్నవారు ఇస్రో అధిపతి సతీష్ ధావన్. 1980 జూలై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం ఆయన కలామ్‌నే విలేఖరులతో మాట్లాడమన్నారు. పొరపాటును దాచని శిష్యుడు, ఘనతను దోచుకోని పెద్ద! నమ్మకం ఇలాగే పెరుగుతుంది.

ఇక మన సంగతి చూద్దాం. కొందరు యువకులు చేయని ఉద్యోగానికి అనుభవ పత్రాలు కొంటున్నారు. ప్రాజెక్టులు కూడా కొనుక్కొని సమర్పిస్తున్నారు. "అందరూ చేస్తున్నారు కదా!" అంటారు. కంపెనీలు పాత ఉద్యోగాల వివరాలు విచారిస్తాయి. పి.ఎఫ్. ఖాతా చూస్తే ఎవరి దగ్గర ఎన్నాళ్ళు పనిచేశారో తెలిసిపోతుంది. పట్టుబడకపోయినా సరే, మొదటి జీతమే అబద్ధం మీద నిలబడితే అందులో బర్కత్ ఎక్కడిది?

కనుక విద్యార్థులకు మేము చెప్పదలచినవి నాలుగు మాటలు. ప్రాజెక్టు చిన్నదైనా స్వంత చేతులతో చేయండి. ఇంటర్వ్యూలో తెలియనిదాన్ని తెలియదని చెప్పండి. మొదటి ఉద్యోగంలో జీతంతో పాటు, పని నేర్పే మంచి పెద్ద ఉన్నారో లేదో చూసుకోండి. పొరపాటు జరిగితే ఆ రోజే పైవారికి చెప్పండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పక్కింటి అబ్బాయి జీతంతో మీ బిడ్డను పోల్చకండి. అబద్ధపు పత్రాల వైపు పిల్లల్ని నెట్టేది చాలాసార్లు ఆ పోలికే. ఆలస్యంగా వచ్చినా నిజాయితీగా వచ్చిన ఉద్యోగమే మేలని ఇంట్లో ఒక్కసారి చెప్పి చూడండి, బిడ్డ గుండె మీది భారం దిగుతుంది.

అల్లాహ్ మన పిల్లలకు సామర్థ్యాన్నీ, అమానత్‌నూ ప్రసాదించుగాక! ఆమీన్.