గ్రామ సమాఖ్య నిల్వ నిధి: పాసుబుక్కులో ఉన్నదంతా మనదేనా?



గరిడేపల్లి మండలంలో వరి కోతలు మొదలైతే ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రాల పని గ్రామ సమాఖ్యల మీద పడుతుంది. ఆ పనికి సమాఖ్యకు క్వింటాలు లెక్కన కమీషన్ వస్తుంది. ఖాతాలో పైసలు కనబడగానే మీటింగులో ఒక మాట వస్తది: "గింత పైస బ్యాంకుల ఎందుకు? పంచుకుంటే అయిపోతది కదా!"

పంచుకునే ముందు ఆ పైసలు ఎవరివో చూడాలి. సమాఖ్య ఖాతాలో మూడు రకాల డబ్బు ఉంటుంది.

1. అప్పు డబ్బు: స్త్రీనిధికి, బ్యాంకుకు తిరిగి కట్టాల్సింది. ఇది మనది కాదు.
2. సభ్యుల డబ్బు: సంఘాలు కట్టిన పొదుపు, వాటా ధనం. ఇది సమాఖ్య ఆదాయం కాదు.
3. సొంత ఆదాయం: కమీషన్, వడ్డీలో మిగులు. నిల్వ నిధి దీనిలోంచే పెట్టుకోవాలి.

ఒక ఉదాహరణ (అంకెలు లెక్క అర్థం కావడానికే):

పాసుబుక్కులో ఉన్నది: రూ.4,00,000
కట్టాల్సిన అప్పు: రూ.2,20,000
సభ్యుల పొదుపు: రూ.80,000
సమాఖ్య సొంతం: రూ.1,00,000

నెల ఖర్చు రూ.8,000 అనుకుందాం. కమీషన్ వడ్లు కొన్న వెంటనే జమ కాదు, నెలలు పట్టొచ్చు. ఆరు నెలల ఖర్చు రూ.48,000 పక్కన పెడితే, మిగిలేది రూ.52,000. తీర్మానం చేయాల్సింది దీని మీదనే, నాలుగు లక్షల మీద కాదు.

అట్లని అంతా దాచిపెట్టుడు కూడా తప్పే. ఒక సభ్యురాలు ఆసుపత్రి ఖర్చుకు బయట మిత్తికి తెచ్చుకుంటుంటే, మన పైసలు ఖాతాలో ఊరికే ఉంటే ఏం లాభం? ధర్మ ట్రస్టులకు ఆదాయపు పన్ను చట్టంలో ఒక నియమం ఉంది: పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయంలో 85 శాతం సేవకు వాడాలి, 15 శాతం వరకు నిల్వ ఉంచుకోవచ్చు. సమాఖ్యకు ఈ లెక్క వర్తించదు. కానీ నీతి ఒకటే: కొంత వాడాలి, కొంత ఉంచాలి.

ఈసారి మీటింగులో అడగండి:

• పాసుబుక్కు, నగదు పుస్తకం అంకెలు కలుస్తున్నాయా?
• అప్పు ఎంత, పొదుపు ఎంత, సొంతం ఎంత?
• ఎన్ని నెలల ఖర్చుకు నిల్వ ఉంది?
• ఆడిట్ అయిందా? అందరి ముందు చదివారా?

గుర్తుంచుకోండి: సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరి దగ్గరా ఉంచొద్దు. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాశాకే పైసలు తీయాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించి, ఆ తర్వాతనే వేలిముద్ర తీసుకోవాలి. లెక్క అడగడం గొడవ కాదు, సభ్యురాలి హక్కు.