బాలికా విద్య: బడిబాటలో రెండు ప్రయోగాలు

వర్ధమాన దేశాలలో అసంఖ్యాకులైన బాలికలు ప్రాథమిక విద్యతోనే చదువు చాలించవలసి వస్తున్నది. ఉన్నత పాఠశాల దూరాభారం, చదువు ఖర్చు, బాల్యవివాహం ఇందుకు ముఖ్య కారణాలు. ఈ అవరోధాలను తొలగించడానికి దక్షిణాసియాలో జరిగిన రెండు ప్రయత్నాలు గమనింపదగినవి.

బంగ్లాదేశ్‌లో 1982లో ఒక ఉపజిల్లాలో ప్రారంభమైన విద్యార్థినుల ఉపకారవేతన పథకం 1994లో గ్రామీణ ప్రాంతాలన్నింటికీ విస్తరించింది. ఆరు నుండి పది తరగతుల వరకు చదివే బాలికలకు నగదు సహాయం లభించేది. ఇందుకు నియమాలు మూడు: 75 శాతం హాజరు, పరీక్షలలో 45 శాతం మార్కులు, పదవ తరగతి ముగిసేవరకు అవివాహితగా ఉండడం. అనంతర కాలంలో మాధ్యమిక పాఠశాలలలో బాలికల సంఖ్య బాలుర సంఖ్యను మించింది.

మన దేశంలో బీహారు రాష్ట్రం 2006లో మరొక మార్గం అవలంబించింది. తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికకు సైకిలు నిమిత్తం 2,000 రూపాయలు అందజేసింది. తత్ఫలితంగా ఉన్నత పాఠశాలలలో బాలికల చేరిక 32 శాతం పెరిగినట్లు ఆర్థికవేత్తల పరిశీలనలో తేలింది. బడికి మూడు కిలోమీటర్లు, అంతకు మించిన దూరంలోని గ్రామాలలోనే ఈ పెరుగుదల అధికం.

అయినప్పటికీ ఈ రెండుచోట్లా బాల్యవివాహాలు పూర్తిగా అంతరించలేదు. ప్రభుత్వం ఖర్చు భరించగలదు, దూరాన్ని తగ్గించగలదు. కుమార్తె వివాహాన్ని వాయిదా వేసి, ఆమె చదువును కొనసాగనిచ్చే నిర్ణయం మాత్రం కుటుంబమే తీసుకోవాలి. ఆ నిర్ణయానికి సమాజం అండగా నిలిచినప్పుడే ఇట్టి పథకాలు సంపూర్ణంగా ఫలిస్తాయి.