చోటుకు కొదవ లేదు, పేర్లు రాయండమ్మా

మన ఖరగ్‌పూర్ మలంచాలో ఈమధ్య ఏ తెలుగింటికి వెళ్లినా ఇదే మాట వింటున్నాను. "ఫోన్ నిండిపోయింది వదినా, ఏం తీసెయ్యమంటావు?" అని. ఏదీ తీసెయ్యకండి. దాచుకోవడానికి ఇంత చోటు మన అమ్మలకు, అమ్మమ్మలకు ఎన్నడూ దొరకలేదు. దాన్ని మనం సరిగ్గా వాడుకోవడం లేదనే నా బాధ.

ఈ చోటు ఎలా పెరిగిందో వినండి. 1956లో ఐబీఎం కంపెనీ రామక్ అనే కంప్యూటర్‌తో పాటు మొదటి హార్డ్ డిస్క్ తెచ్చింది. 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. బరువు ఇంచుమించు టన్ను. అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు, అంటే 5 మెగాబైట్ల లోపే. ఈ రోజు మన ఫోన్లో తీసిన ఫోటో ఒకటో రెండో పడితే అది నిండిపోతుంది. ఇప్పుడు మన ఊరి గోల్‌బజార్‌లో 128 జీబీ మెమరీ కార్డు కొని అరచేతిలో పెట్టుకు చూడండి. చిటికెన వేలి గోరంత ఉంటుంది, గట్టిగా ఊదితే ఎగిరిపోతుంది. రామక్ లాంటివి 25,000కు పైగా పెడితే గాని అందులో పట్టేదంతా పట్టదు.

హార్డ్ డిస్క్ మీద సమాచారమంతా చిన్న చిన్న అయస్కాంతపు గుర్తులే. గుర్తుల్ని ఎంత చిన్నవి చేస్తే అంత ఎక్కువ పడతాయి. కానీ చిన్నదైన కొద్దీ గుర్తు బలం తగ్గుతుంది, చదివే ముల్లుకు అందదు. 1988లో ఫ్రాన్స్‌లో ఆల్బెర్ ఫెర్, జర్మనీలో పీటర్ గ్రున్‌బర్గ్ ఎవరికి వారే ఒక సంగతి కనిపెట్టారు. కొన్ని లోహాలను అతి పలచని పొరలుగా పేరిస్తే, చాలా బలహీనమైన అయస్కాంతానికి కూడా వాటి విద్యుత్ నిరోధం బాగా మారిపోతుంది. గుసగుసలు కూడా వినే చెవి దొరికినట్టయింది. 1997లో ఆ చెవిని డిస్కుల్లో పెట్టారు, అక్కడి నుంచి సామర్థ్యం పరుగందుకుంది. వాళ్లిద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది. ఆ ఏడే 1 టెరాబైట్ డిస్క్ ఇళ్లలోకి వచ్చింది. 2024 నాటికి ఒక్క డిస్కులో 30 టెరాబైట్లు! మెమరీ కార్డుది వేరే దారి. అందులో తిరిగే పళ్లెం ఉండదు, విద్యుదావేశాన్ని బంధించి ఉంచే గదులుంటాయి. ఆ గదుల్ని ఇప్పుడు వందల అంతస్తులుగా కడుతున్నారు.

ఇంత చోటుతో ఏం చెయ్యాలో మనవాడే ఒకాయన చూపించాడు. చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో ప్రొఫెసరై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయించాలని పూనుకున్నారు. 2007కల్లా లెక్క పదిహేను లక్షలు దాటింది. వాటిలో మన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. తర్వాత, వాటిలో మన దేశపు పుస్తకాలను ఉంచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు మూతపడింది. అయినా చాలా పుస్తకాలు దక్కాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటికి నకళ్లు ఉన్నాయి. మన పక్కనే ఉన్న ఐఐటీ వాళ్లు నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్ 19న దేశానికి అంకితం చేశారు. ఇలాంటి చోట్ల ప్రతి పుస్తకానికీ పేరు, రాసినవారు, ఏడాది రాసి పెడతారు. అందుకే వెతికితే దొరుకుతుంది.

మరి మన ఇళ్లలోనో? రైల్వే వర్క్‌షాపులో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తాతల ఫోటోలు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. వెనక పేరుండదు, ఊరుండదు. మా పిన్ని పెళ్లి వీడియో క్యాసెట్ మొన్న తీసి చూశాను. ఈ బెంగాల్ తేమకు టేపు అంచు పొడుగునా తెల్లగా బూజు పట్టింది. అందులో మంగళహారతి పాడిన పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

ఫోన్లో ఉన్నంత మాత్రాన అన్నీ భద్రమనుకోకండి. డిస్కులు ఆగిపోతాయి. కార్డును ఏళ్ల తరబడి వాడకుండా పక్కన పడేస్తే లోపలి ఆవేశం మెల్లగా కారిపోతుంది. ఏ వస్తువూ శాశ్వతం కాదు, నకలు తీస్తూ ఉంటేనే నిలుస్తుంది. ఒకటి ఇంట్లో ఉంచండి, ఇంకొకటి వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న అన్నయ్యకు పంపండి. నాలుగైదేళ్లకోసారి కొత్తదాంట్లోకి ఎక్కించండి.

గొంతుకు చోటు ఎంత తక్కువ పడుతుందో తెలుసా? మామూలు ఎంపీత్రీలో గంట మాటలకు 60 ఎంబీ చాలు. ఆ గోరంత కార్డులో 2,000 గంటల పైచిలుకు పడుతుంది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, వింటే మాత్రం అర్థమవుతుంది. నానమ్మ చెప్పే ఊరి కబుర్లు, పెళ్లి పాటలు, ఏ బండెక్కి ఎవరితో ఖరగ్‌పూర్ వచ్చిందో ఆ కథ, అన్నీ వాళ్లకు ఇవ్వగలం.

ఈ ఆదివారం నానమ్మ పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు నొక్కండి. పాత ఫోటోలు ఆమె ముందు పరిచి, ఒక్కొక్కరి పేరూ ఊరూ అడిగి రాసుకోండి. వచ్చే ఏడు చూద్దాంలే అనకండమ్మా.