బాపమ్మ గొంతుకు ఏ కెమెరా?

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది మరాఠీ, నాన్నది తెలుగు. నాన్న సొంతూరు జిమల్‌గట్ట, గడ్చిరోలి జిల్లా. ఇక్కడి నుంచి కాళేశ్వరం మీదుగా గోదావరి దాటి, సిరోంచ నుంచి ఆలాపల్లి దారి పట్టాలి. అక్కడ బడిలో మరాఠీ, ఆఫీసులో మరాఠీ, చుట్టుపక్కల గోండి, మా వాకిట్లో తెలుగు. మా బాపమ్మ 1960లో మహారాష్ట్ర ఏర్పడక ముందే పుట్టింది. చదవడం, రాయడం రాదు. ఆమె తెలుగంతా నోట్లోనే ఉంది.

దసరా సెలవుల్లో బావను అడిగి కెమెరా పట్టుకెళ్ళాను. ఇప్పపువ్వు ఏరడం, తునికాకు కట్టలు కట్టడం, నాట్ల పాటలు... బాపమ్మ గంటకు పైగా చెప్పింది, పాడింది. తర్వాత చూసుకుంటే ఏడుపొచ్చింది. కెమెరా అరగంటకే ఆగిపోయింది, నేను గమనించలేదు. ఉన్న అరగంటలోనూ పాట కంటే ఫ్యాను చప్పుడే ఎక్కువ. బొమ్మ మీద ట్యూబ్‌లైటు చారలు. ఫొటోలు మాత్రం చక్కగా వచ్చాయి. కానీ ఫొటో పాడదు కదా!

ఇప్పుడు మన శాఖలో అందరం చందాలు వేసి, జానపద ప్రాజెక్టుల కోసం ఒక కెమెరా కొందామంటున్నాం. "ఎన్ని మెగాపిక్సెల్స్?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. నా దృష్టిలో అది చివరి ప్రశ్న. ఎందుకో చెప్తాను.

ఏ రకం కెమెరా?
మనకు కావాల్సింది లెన్సు మార్చుకోగలిగే చిన్న కెమెరా. దాన్నే మిర్రర్‌లెస్ అంటారు. పాత పెద్ద కెమెరాల్లో లెన్సు వెనక ఒక అద్దం ఉండేది. అది తీసేస్తే కెమెరా పలచబడింది. ఇలాంటివాటిలో మొదటిది 2008లో వచ్చిన ప్యానసోనిక్ జీ1. బ్యాగులో పడుతుంది, ఫొటోకీ వీడియోకీ పనికొస్తుంది, ఎదుటి మనిషీ బెదరదు.

మొదట చెవి
మైకు పెట్టుకునే రంధ్రం లేని కెమెరా మనకొద్దు. కెమెరాలోని మైకు ఆరడుగుల దూరం నుంచి వింటుంది, దానికి ఫ్యానూ కోడీ బాపమ్మా ఒకటే. చీరకు తగిలించే చిన్న మైకు నోటికి జానెడు దూరంలో ఉంటుంది. హెడ్‌ఫోన్ రంధ్రం కూడా ఉంటే మరీ మంచిది, తప్పు అక్కడికక్కడే వినిపిస్తుంది. నిజం చెప్పాలంటే, మైకు లేని కెమెరా కంటే మైకు పెట్టిన ఫోనే మేలు.

ఎంతసేపు?
పాత కెమెరాలు చాలావాటిలో 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆగిపోతుంది. అది పాడవడం కాదు. 30 నిమిషాలు దాటితే యూరప్‌లో దాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. అందుకే కంపెనీలే ఆ హద్దు పెట్టాయి. కొనేముందు ఈ సంగతి తప్పక అడగాలి.

తర్వాత వెలుతురు
పెంకుటింట్లో ఒకే బల్బు. కెమెరాతో పాటు ఇచ్చే కిట్ లెన్సును జూమ్ చేస్తే చాలావాటిలో ఎఫ్ 5.6 దగ్గర ఆగుతుంది. ఎఫ్ 1.8 లెన్సు దానికి దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తీసుకుంటుంది. కాబట్టి డబ్బు కెమెరా మీద కొంచెం తగ్గించి, 35 ఎంఎం ఎఫ్ 1.8 లాంటి లెన్సు మీద పెట్టాలి. కెమెరా పాతబడుతుంది, లెన్సు నిలుస్తుంది.

బొమ్మ పడే సెన్సర్ ఎక్కువగా మూడు సైజుల్లో దొరుకుతుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ 17.3 × 13 మి.మీ., ఏపీఎస్-సీ సుమారు 23.5 × 15.6, ఫుల్ ఫ్రేమ్ 36 × 24. పెద్దదైతే చీకట్లో మేలే, కానీ లెన్సుల బరువూ ధరా పెరుగుతాయి. మన చందాకు మధ్యది సరిపోతుంది.

ఇక ఆ చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. సెట్టింగ్స్‌లో పాల్ పెట్టి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 ఉంచితే చారలు పోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు. నాకు అప్పుడు తెలియదు, అంతే.

కార్డు, బ్యాటరీ
4కే వీడియో 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 జీబీ. 50 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ అందులో సగమే, మన పనికి అది చాలు. పవర్‌బ్యాంకుతో చార్జ్ అయ్యేది చూడాలి, ఊళ్ళో కరెంటును నమ్ముకోలేం. చెయ్యి వణుకును సరిచేసే సౌకర్యానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. కూర్చుని మాట్లాడే మనిషికి ట్రైపాడ్ చాలు.

చివరికి మెగాపిక్సెల్స్
ఈ గోడపత్రికలో ఏ4 సైజు ఫొటో బాగా అచ్చు కావాలంటే దాదాపు 9 మెగాపిక్సెల్స్ చాలు. ఇప్పటి కెమెరాల్లో 24 మామూలే.

ఉదాహరణకు రెండు. సోనీ జెడ్‌వీ-ఈ10 (2021)లో మైకు, హెడ్‌ఫోన్ రెండు రంధ్రాలూ ఉన్నాయి, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు. కెనాన్ ఆర్50 (2023)లో వ్యూఫైండర్, మైకు రంధ్రం ఉన్నాయి, హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. ఎండలో ఫొటోలే ఎక్కువైతే రెండోది. గొంతులే ఎక్కువైతే మొదటిది. నా ఓటు మొదటిదానికే.

మనం చదివే బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ పరిశోధన వల్ల పాటల మాటలు నిలిచాయి. కానీ పుస్తకంలో పాడిన గొంతు వినపడదు. ఆ పని మన చేతికి వచ్చింది.

మొన్న ఫోన్‌లో "మళ్ళీ పాడతావా బాపమ్మా?" అని అడిగాను. "పాడుత గనీ, గొంతు ఎప్పటికీ ఒక్క తీర్గ ఉంటదా బిడ్డా?" అంది. దసరా తర్వాత ఆమెకు దగ్గు పట్టుకుంది. ఇప్పపువ్వు రాలే రోజులకు నేను మళ్ళీ వెళ్తున్నాను. అప్పటికి మన కెమెరా వస్తే సరే. రాకపోతే ఫోనూ, ఒక చిన్న మైకూ తీసుకుని వెళ్తాను. ఈసారి ఫ్యాను ఆపుతాను.