పరిశోధనశాల తలుపు తట్టే ముందు

గోరువెచ్చని పాలలో చుక్క మజ్జిగ వేసి ఉంచితే తెల్లవారేసరికి పెరుగు తోడుకుంటుంది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండి పొంగి గిన్నె అంచు దాటుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులే ఈ పనులు చేస్తాయని పాఠశాలలోనే తెలుసుకుంటాం. అయితే ఒక సూక్ష్మజీవి పాలలోని చక్కెరను ఎలా గుర్తుపడుతుంది? ఆ చక్కెరను ముక్కలు చేసే ఎంజైమును ఎప్పుడు తయారుచేయాలో, ఎప్పుడు ఆపాలో దానికి ఎలా తెలుస్తుంది? ఫ్రాన్స్‌వా జాకబ్, జాక్ మోనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పేగులలో ఉండే ఒక బాక్టీరియా మీద ప్రయోగాలు చేసి, 1961లో ఈ ప్రశ్నకు సమాధానం చెప్పారు. జన్యువులకు ‘ఆపు’, ‘సాగించు’ అని చెప్పే ఏర్పాటు కణంలోనే ఉందని వారు చూపారు. ఇలా జీవి నుంచి కణం లోపలికి, కణం నుంచి అణువుల దాకా దిగి ప్రశ్నలు వేసే శాస్త్రాలను అణుజీవశాస్త్రాలు అంటారు.

ఈ పని దూరదేశాలలో మాత్రమే జరుగుతుందని అనుకోనక్కరలేదు. బెంగళూరులో 1909లో స్థాపించిన భారతీయ విజ్ఞాన సంస్థ ఉంది. ఊరి పెద్దలు ‘టాటా ఇన్‌స్టిట్యూట్’ అని పిలిచేది దీనినే. మాంసకృత్తుల నిర్మాణం మీద ప్రపంచ ఖ్యాతి పొందిన జి.ఎన్. రామచంద్రన్ 1971లో అక్కడ అణుజీవభౌతిక శాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. అదే నగరంలో జాతీయ జీవవిజ్ఞాన కేంద్రం, హైదరాబాదులో సి.సి.ఎం.బి., భువనేశ్వరులో జీవవిజ్ఞాన సంస్థ, పుణేలో జాతీయ కణవిజ్ఞాన కేంద్రం ఉన్నాయి. కోలారు, హోసూరు వారికి బెంగళూరు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. బరంపురం వారికి భువనేశ్వరు, సోలాపూరు వారికి పుణే ఒక పూట ప్రయాణమే. దూరం కన్నా అడ్డమయ్యేవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది డబ్బు గురించిన భయం.

కళాశాలలో చేరాలంటే మార్కులు చూస్తారు, జాబితా వేస్తారు, ఫీజు కట్టించుకుంటారు. పిహెచ్.డి. కూడా అలాంటిదేననీ, అది కలవారి పిల్లల చదువనీ చాలా ఇళ్లలో అనుకుంటారు. “బి.ఎస్సీ. అయింది చాలు, ఇంకా ఎన్నాళ్లు డబ్బు పోయాలి?” అనే మాట ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో వినిపిస్తుంది. నిజానికి విజ్ఞానశాస్త్రాలలో పరిశోధన విద్యార్థికే ఉపకారవేతనం ఇస్తారు. జాతీయ అర్హత పరీక్షలో నెగ్గి జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ పొందినవారికి 2023 జనవరి 1 నుంచి మొదటి రెండేళ్లూ నెలకు 37,000 రూపాయలు, పని సంతృప్తికరంగా ఉంటే ఆ తరవాత 42,000 రూపాయలు చొప్పున నిర్ణయించారు. హాస్టలులో చోటు లేనివారికి ఇంటి అద్దె భత్యం వేరు. సంస్థ తీసుకునే ఫీజు ఈ మొత్తం ముందు కొద్దిపాటిది. ఐదారేళ్లు తమ పక్కన నిలబడి పనిచేసే మనిషిని ప్రయోగశాల ఎంచుకుంటోంది గనుక ఇలా ఇస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే, దరఖాస్తులో ఏమి అడుగుతారో, ఎందుకు అడుగుతారో కూడా అర్థమవుతుంది.

ఈ సదుపాయం అందరికీ ఎల్లప్పుడూ ఉన్నది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుంచి గట్టెక్కారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టాతో బయటపడ్డారు. 1920ల తొలినాళ్లలో మామగారి సాయంతో, దాతల భరోసాతో ఆయన అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు. అక్కడ పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నపని చేయవలసి వచ్చింది. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పని నుంచే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలు బయటపడ్డాయి. పిహెచ్.డి. పట్టా 1930లో గానీ చేతికి రాలేదు. అప్పటికే ఆయన కనుగొన్న సంగతులు పాఠ్యగ్రంథాలకు ఎక్కదగినవిగా ఉన్నాయి.

ఇప్పటి దారి ఇంతకంటె సుగమం. ఎం.ఎస్సీ. చదివినవారు జాతీయ అర్హత పరీక్ష రాయవచ్చు. బి.ఎస్సీ. కాగానే చేరదలచినవారికి ఎం.ఎస్సీ., పిహెచ్.డి. కలిపిన సమగ్ర కోర్సులు ఉన్నాయి. భారతీయ విజ్ఞాన సంస్థ అందుకు ‘జామ్’ అనే పరీక్ష మార్కులు చూస్తుంది. జాతీయ జీవవిజ్ఞాన కేంద్రం, మరికొన్ని సంస్థలు కలిసి వేరొక ప్రవేశ పరీక్ష జరుపుతాయి. అర్హత పరీక్షలో జీవశాస్త్రాల ప్రశ్నపత్రం తీరు కొంచెం వింతగా ఉంటుంది. మొత్తం 145 ప్రశ్నలు ఇచ్చి 75 మాత్రమే రాయమంటారు. తప్పు సమాధానానికి పావు వంతు మార్కులు తగ్గిస్తారు. అంటే ఏది తెలుసో, ఏది తెలియదో గుర్తించడం కూడా పరీక్షలో భాగమే. బట్టీ పట్టినవారు తరచు ఇక్కడే దెబ్బతింటారు.

పరీక్ష గట్టెక్కితే పిలుపు వస్తుంది, అంతే. సీటు ఖాయమయ్యేది ఇంటర్వ్యూలో. బల్లకు అవతల నలుగురైదుగురు శాస్త్రజ్ఞులు కూర్చుంటారు. నిర్వచనాలు అప్పజెప్పమని వారు అడగరు. ఇలాంటి చిక్కు ఒకటి ముందు పెడతారు:

ఒక సీసా నిండా బాక్టీరియాను పెంచి, వాటిని చంపే వైరస్ పూసిన పళ్లెంలో పోశారు. దాదాపు అన్నీ చచ్చాయి. కొన్ని మాత్రం బతికి చుక్కలు చుక్కలుగా పెరిగాయి. వైరస్ తగిలాక అవి మారి తట్టుకున్నాయా? లేక వైరస్ ముఖం చూడకముందే వాటిలో ఆ మార్పు ఉందా? తేల్చడం ఎలా?

ఇది సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రుక్ అనే ఇద్దరు 1943లో తేల్చిన సమస్య. దీనికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక పెద్ద సీసాకు బదులు అనేక చిన్న గొట్టాలలో, ఒక్కొక్కదానిలో కొద్దిపాటి బాక్టీరియా వేసి విడివిడిగా పెంచాలి. తరవాత ఒక్కో గొట్టాన్ని ఒక్కో పళ్లెంలో పోయాలి. వైరస్ తగిలాకనే మార్పు వచ్చేటట్లయితే ప్రతి బాక్టీరియాకూ అవకాశం సమానమే కాబట్టి, అన్ని పళ్లాలలోనూ చుక్కల సంఖ్య ఇంచుమించు ఒకేలా ఉండాలి. మార్పు ముందే వచ్చి ఉంటే కథ వేరు. ఒక గొట్టంలో అది తొలి తరాలలోనే వస్తే పిల్లలు, మనుమలు కలిసి వంశం పెద్దదవుతుంది. ఇంకో గొట్టంలో చివరి తరంలో వస్తే ఒకటి రెండే ఉంటాయి. కొన్నింటిలో అసలు రాకపోవచ్చు. లూరియా లెక్కించినప్పుడు సంఖ్యలు అలాగే చెల్లాచెదరుగా వచ్చాయి. కొన్ని పళ్లాలలో సున్నా, కొన్నింటిలో వందకు పైగా. ఒకే గొట్టం నుంచి అనేక పళ్లాలు పోసినప్పుడు మాత్రం సంఖ్యలు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఈ రెండో ప్రయోగం లేకపోతే మొదటిదానికి విలువ లేదు, ఎందుకంటే తేడా లెక్కించడంలో పొరపాటు వల్ల వచ్చిందేమో అనే అనుమానం మిగిలిపోతుంది. విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక వినోద కార్యక్రమంలో నాణేలు వేసి ఆడే జూద యంత్రాన్ని చూస్తుండగా లూరియాకు ఈ ఊహ తట్టింది. చాలాసార్లు ఏమీ రాదు, ఎప్పుడో ఒకసారి గుమ్మరిస్తుంది.

ఇంటర్వ్యూలో ఈ సమాధానమంతా ఒక్క ఊపులో ఎవరూ చెప్పలేరు. చెప్పాలని ఎవరూ ఆశించరు. అభ్యర్థి ఒక అడుగు వేస్తే శాస్త్రజ్ఞులు ఒక అడ్డు వేస్తారు. దానిని దాటితే మరొకటి. చివరకు “ఇది నాకు తెలియదు, కాని ఇలా చేసి చూస్తాను” అనే దగ్గరకు రావడం సహజం. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పబోయేవారి మీద వారికి నమ్మకం కుదరదు.

భాష సంగతి దాచవలసిన పని లేదు. అర్హత పరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే వస్తుంది. పరిశోధన పత్రాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి ఆ భాషను నేర్చుకోక తప్పదు. కాని పైన చెప్పిన చిక్కును మరొకసారి చూడండి. దానిలో కష్టమంతా ఆలోచనలో ఉంది, మాటలలో లేదు. గొట్టాలు, పళ్లాలు, చుక్కలు అని తెలుగులో విడమరచుకున్నవారు దానిని పొట్టి ఇంగ్లీషు వాక్యాలలో చెప్పగలరు. ఇంగ్లీషు ధారాళంగా వచ్చి ఆలోచన తెగనివారికి ఆ సౌకర్యం లేదు. ఒక అంశాన్ని చదివిన రోజున ఇంట్లో తమ్ముడికో, నాయనమ్మకో తెలుగులో చెప్పి చూడడం మంచి సాధన. నాయనమ్మ అడ్డుప్రశ్న వేస్తే మరీ మంచిది.

విదేశాలకు దరఖాస్తు చేసేవారు దీనికి తోడు ఒక వ్యాసం కూడా రాయాలి. దానిని ‘స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్’ అంటారు. చాలామంది “చిన్ననాటి నుంచి నాకు విజ్ఞానశాస్త్రమంటే ఎంతో మక్కువ” అని మొదలుపెడతారు. అది నిజమే కావచ్చు. కాని వందలకొద్దీ దరఖాస్తులలో అదే వాక్యం చదివినవారికి దానివల్ల ఏమీ తెలియదు. “మూడు వారాలు పి.సి.ఆర్. చేసినా జెల్ మీద గీత రాలేదు. ఉష్ణోగ్రత ఎక్కువగా ఉందేమోనని 5 డిగ్రీలు తగ్గించాను. గీత వచ్చింది. డి.ఎన్.ఎ. వేయకుండా నీరు మాత్రమే వేసిన గొట్టంలో రాలేదు” అని రాసిన విద్యార్థి మాత్రం తాను ఎలా ఆలోచిస్తుందో చూపించింది. చివరి వాక్యం చూస్తే చాలు, పోలిక ప్రయోగం విలువ ఆమెకు తెలుసునని అర్థమవుతుంది. ఇలా రాయడానికి చేసిన పని అంటూ ఉండాలి కదా. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ వంటివి, చిన్న కళాశాలల విద్యార్థులకు పెద్ద ప్రయోగశాలలో రెండు నెలలు పనిచేసే వీలు కల్పిస్తాయి.

సిఫారసు లేఖలు సాధారణంగా మూడు అడుగుతారు. ఇక్కడ మన దేశంలో ఒక పాత అలవాటు చెరుపు చేస్తుంది. ప్రిన్సిపాలుగారి సంతకమైతే బరువుగా ఉంటుందనుకొని, విద్యార్థి ముఖం కూడా సరిగా ఎరుగని పెద్దల చేత “మంచి నడవడి గలది” అని రాయిస్తారు. ప్రయోగశాలలో పక్కన నిలబడి చూసిన అధ్యాపకురాలు, ఈమె ఏ పొరపాటును ఎలా సరిదిద్దుకుందో రాసిన అరపేజీ అంతకన్నా ఎంతో మేలు.

ధ్రువపత్రాలలో పేరు విషయం చిన్నదిగా కనిపిస్తుంది గాని, సరిహద్దు జిల్లాల తెలుగువారికి ఇది నిజంగానే తలనొప్పి. తెలుగు ఇళ్లలో పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. తమిళనాడు బడులలో తండ్రి పేరు మొదటి అక్షరం రాస్తారు. పదోతరగతి పత్రంలో ఒక తీరు, పట్టాలో మరో తీరు, పాస్‌పోర్టులో పొడి అక్షరాలు విప్పి ఇంకో తీరు ఉంటే, ముగ్గురూ ఒక్కరేనని రుజువు చేయవలసి వస్తుంది. పదోతరగతి పత్రం చేతికి రాకముందే పేరు ఒక తీరుగా స్థిరపరచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

అమెరికాలో ఈ శాఖల పిహెచ్.డి. దరఖాస్తులకు గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలలలో ఇంటర్వ్యూలు జరుగుతాయి. చేరినవారు మొదటి ఏడాది రెండు మూడు ప్రయోగశాలలలో కొన్ని వారాల చొప్పున పనిచేసి, ఆ తరవాత ఒకదానిలో స్థిరపడతారు. అక్కడ కూడా ఫీజు మాఫీ చేసి, జీవన భృతి ఇవ్వడం ఈ శాఖలలో ఆనవాయితీ. దరఖాస్తు రుసుము మాత్రం ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి వేల రూపాయలలో ఉంటుంది. మాఫీ కోరితే ఇచ్చే విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి, కోరడంలో నామోషీ లేదు. సీటు వచ్చినవారు జవాబు చెప్పడానికి చాలా విశ్వవిద్యాలయాలు ఏప్రిల్ 15 వరకు గడువిస్తాయి.

ఎక్కువమందికి వచ్చేది నిరాకరణే. మొదట చెప్పిన జాకబ్ వైద్యవిద్యార్థిగా ఉండి యుద్ధంలో చేరి, 1944లో తీవ్రంగా గాయపడి, శస్త్రవైద్యుడు కావాలనే కోరికను వదులుకున్నారు. పరిశోధనలో అనుభవం అంతగా లేదు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఆంద్రే ల్వోఫ్ ప్రయోగశాలలో చోటు కోసం వెళ్లిన ప్రతిసారీ చోటు లేదన్న జవాబే వచ్చింది. చివరకు 1950లో ఒకరోజు ల్వోఫ్ ఉత్సాహంగా, తాము కొత్తగా కనుగొన్న ఒక విషయం పేరు చెప్పి, దాని మీద పనిచేస్తారా అని అడిగారు. సరిగ్గా అదే చేయాలనుకుంటున్నానని జాకబ్ జవాబిచ్చారు. బయటకు వచ్చాక ఆ మాటకు అర్థమేమిటో నిఘంటువులో వెదుక్కున్నారు. ఇంటర్వ్యూలో తెలియనిది తెలియదనాలన్న పై మాటకు ఇది ఎదురు ఉదాహరణే. 1965లో ల్వోఫ్, మోనోలతో పాటు జాకబ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

మొదటి ఏడాది చోటు దొరకనివారు చాలామంది ఇంట్లో కూర్చోరు. ప్రయోగశాలలు తమ పనుల కోసం ప్రాజెక్టు సహాయకులను జీతమిచ్చి తీసుకుంటాయి. ఆ ప్రకటనలు సంస్థల వెబ్‌సైట్లలో వస్తూ ఉంటాయి. అక్కడ ఏడాది పనిచేసినవారికి మరుసటి దరఖాస్తు నాటికి వ్యాసంలో రాయడానికి ఒక పేరా, సిఫారసు రాయడానికి ఒక మనిషి కొత్తగా దొరుకుతారు.