బొమ్మలు రాని టీచర్ల కోసం

ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రాథమిక పాఠశాలల్లోనే చేశాను. రిటైరయ్యాక కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి వైపు బడుల్లో టీచర్లతో కూర్చుని, ఈ కాలపు కళాకారుల పనిని తరగతి గదిలోకి ఎలా తేవాలో వాళ్లతో కలిసి చూస్తున్నాను. హైస్కూల్లో అయితే డ్రాయింగ్ మాస్టారు ఉంటారు. ప్రాథమిక బడిలో తెలుగూ లెక్కలూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరు, అంటే ఎస్‌.జి.టి.యే కళ కూడా చెప్పాలి. వాళ్లకు పనికొస్తాయని ఇవి రాస్తున్నాను.

1. ముందు భయం తీరాలి.

"నాకు బొమ్మలు రావండి మాస్టారూ." ఏ సమావేశానికి వెళ్లినా మొదట వినిపించే మాట ఇదే. ఆ మాట అన్న అమ్మాయే ధనుర్మాసమంతా వాకిలి నిండా మెలికల ముగ్గులు పెడుతుంది. గీత రావడమొక్కటే కళ అని మనకు ఎవరో నూరిపోశారు. ఏరడం, పేర్చడం, ముడి వేయడం, ఉన్న వస్తువును తెచ్చి ఇంకోచోట పెట్టడం, ఇవన్నీ ఇప్పటి కళాకారులు చేసే పనులే. సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలు, బకెట్లు, టిఫిన్ క్యారేజీలు పేర్చి ఇంటెత్తు శిల్పాలు చేశారు. ఆ ఫోటో చూపించి, మధ్యాహ్న భోజనం అయ్యాక కడిగి బోర్లించిన పళ్లేల దగ్గరికి టీచర్లను తీసుకెళతాను. ఇక బొమ్మలు రావన్న మాట వినిపించదు. ఆ పళ్లేలను ఎలా పేరిస్తే బాగుంటుందో వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు.

2. పిల్లలకంటే ముందు టీచర్లు చేయాలి.

శిక్షణ అంటే తెర మీద బొమ్మలు చూపి ఉపన్యాసం ఇవ్వడం కాదు. తన చేత్తో చేయని పనిని ఏ టీచరూ తరగతిలో చేయించలేరు.

3. ఒక కళాకారిణి, ఒక పని, ఒక ప్రశ్న. ఆ పూటకు అంతే చాలు.

యాయోయి కుసామా 1929లో పుట్టిన జపాన్ కళాకారిణి. చుక్కలంటే ఆవిడకు ప్రాణం. 2002లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, క్వీన్స్‌ల్యాండ్ ఆర్ట్ గ్యాలరీలో పిల్లల కోసం ఒక గది తయారుచేశారు. గోడలు, బల్లలు, కుర్చీలు అన్నిటికీ తెల్లరంగే. వచ్చిన ప్రతి బిడ్డకీ గుండ్రటి రంగు స్టిక్కర్లు ఇచ్చి, ఎక్కడైనా అంటించుకోమన్నారు. పోనుపోను గది మొత్తం చుక్కల్లో మునిగిపోయింది.

మన బడిలో అంత గది ఎక్కడుంది? స్టోర్‌రూంలో విరిగిన కుర్చీ ఉంటుంది. దానికి తెల్లరంగు వేసి, ఫ్యాన్సీ షాపులో దొరికే బొట్టు బిళ్ళల అట్టలు నాలుగు తెస్తే సరిపోతుంది. లంక గ్రామంలోని ఒక బడిలో రెండో తరగతి పిల్లలు ఇది చేస్తుండగా చూశాను. టీచరు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏ చుక్కతో కుర్చీ కనబడకుండా పోయింది?" పిల్లలు పెద్ద వాదనకు దిగారు. ఒకడు కాళ్లు కనబడుతున్నాయన్నాడు. ఒక పాప తన బిళ్ళలన్నీ కుర్చీ అడుగున అంటించింది. ఎందుకమ్మా అంటే "కింద కూర్చునేవాళ్లకండి" అంది. తర్వాత పదుల్లో లెక్కపెట్టారు, రంగులవారీగా పట్టిక వేశారు. లెక్కల పాఠం ఆ వెంటనే అయిపోయింది. "వెరీగుడ్" అని ఊరుకోకుండా ఆ టీచరు ప్రతి జవాబుకీ "ఇంకా?" అంటూ పోయింది. నాకు ఆవిడ దగ్గర అదే నచ్చింది.

4. సామాను చెరువు గట్టు మీదే ఉంది.

బజారుకెళ్లి చార్టులు, థర్మోకోల్, మెరుపు కాగితాలు కొనడం మానమని గట్టిగా చెబుతాను. మనది చేపల చెరువుల సీమ. మేత సంచులు, తెగిన వలలు, బెండ్లు, నైలాను తాళ్లు, గుర్రపుడెక్క కాడలు, కిక్కిస, ఏవి కావాలన్నా ఇక్కడే దొరుకుతాయి. మృణాళిని ముఖర్జీ (1949–2015) మగ్గం లేకుండా, రంగులద్దిన జనపనార తాళ్లను చేత్తో ముడివేస్తూ మనిషెత్తు శిల్పాలు చేశారు. ఘనాలో పుట్టి నైజీరియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఎల్ అనాట్సుయి సీసా మూతలను నలగ్గొట్టి, రాగితీగతో కుట్టి, గోడంత దుప్పట్లలా వేలాడదీస్తారు. ఈ ఇద్దరి ఫోటోలు చూపించాక, వల అల్లడం తెలిసిన ఒక తండ్రినో తాతనో బడికి పిలవండి. వల కన్ను ఎంత ఉండాలో, ముడి జారకుండా ఎలా బిగించాలో ఆయన చూపిస్తారు. ఆ రోజు బడిలో గురువు ఆయనే. టీచరు కూడా పిల్లల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఎప్పుడూ బడి గేటు బయటే నిలబడే మనిషి లోపలికొచ్చి నల్లబల్ల ముందు కూర్చుంటే, ఆయన పిల్లవాడి ముఖం చూడాలి.

జాగ్రత్తలు మాత్రం తప్పవు. మేత సంచులు బాగా ఉతికి ఆరబెట్టాలి. చెరువుల్లో వాడే మందుల డబ్బాలు, సంచులు పిల్లల చేతికి అస్సలు ఇవ్వకూడదు. గాలాలు, తుప్పు తీగలు పెద్దవాళ్లే ముందుగా ఏరేయాలి.

5. మన పేర్లు కూడా చెప్పాలి.

1956లో సూర్యాపేటలో పుట్టిన రవీందర్ రెడ్డి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించారు. కొప్పులో పూలు ముడుచుకున్న తెలుగు ఆడవాళ్ల తలలను ఆయన మనిషి కన్నా ఎత్తుగా చేస్తారు. పెద్ద కళ్లు, మెరిసే రంగులు. ఆ ఫోటో చూడగానే పిల్లలు "మా అమ్మమ్మ!" అంటారు. పరదేశపు పేరుతో మొదలుపెట్టినా ఇక్కడికి రావాలి.

6. సిలబస్ సంగతి.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2020 జాతీయ విద్యా విధానం రెండూ కళను మిగతా పాఠాలతో కలపమనే చెప్పాయి. అధికారి అడిగితే ఆ మాట చెప్పండి. చదవడం, రాయడం రావాలన్న ఆదుర్దా నాకూ ఉంది. అందుకే పిల్లలు చేసినదాని గురించి వాళ్లు చెప్పిన వాక్యాన్ని వాళ్ల చేతే రాయించాలి. వాచకంలో నోరు తెరవని పిల్లవాడు కూడా తన సొంత వాక్యాన్ని వేలు పెట్టి చదువుతాడు.

7. పిల్లల పని మీద టీచరు చేయి పడకూడదు.

ఆగస్టు 15కు అలంకరణ కావాలంటే పెద్దవాళ్లే చేసుకోవచ్చు. పిల్లవాడు చేసినది వంకరగా ఉందని సరిచేసి గోడకు తగిలిస్తే, ఆ గోడ మీద ఉన్నది టీచరు పని. మార్కులు వేయకండి, ఫస్టు సెకండు అనకండి.

8. కొల్లేరు మాట తప్పించుకోకండి.

ఇది అన్నిటికన్నా కష్టం, నాకు అన్నిటికన్నా ముఖ్యం. 1999లో కొల్లేరు సరస్సును 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించింది. మన తరగతిలో చెరువు యజమాని కొడుకూ ఉంటాడు, చెరువు కాపలాదారు కూతురూ ఉంటుంది, వేట మీద బతికే ఇంటి పిల్లలూ ఉంటారు. టీచర్లు సహజంగానే ఈ మాట ఎత్తడానికి జంకుతారు. కానీ ఇప్పటి కళలో సగం ఇలాంటి చోట్ల నుంచే పుట్టింది.

తీర్పు చెప్పనక్కర్లేదు. ఆటపాక పక్షుల కేంద్రానికి పిల్లలను తీసుకెళ్లి, గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లు చూపించండి. చెట్టు చేయాల్సిన పని ఇనుము చేస్తోంది. తిరిగొచ్చాక బడి ఆవరణలో తాళ్లతో కొల్లేరు పటం పరిపించండి: ఒక జట్టు గూడబాతు చూసినట్టు, ఒక జట్టు వేటగాడు చూసినట్టు, ఒక జట్టు చెరువు రైతు చూసినట్టు. మూడు పటాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి, తాళ్లు చిక్కుపడతాయి. ఆ చిక్కు విప్పకుండా అలాగే ఉంచి, చుట్టూ కూర్చుని మాట్లాడించండి. ఇంట్లో విన్న మాటలు పిల్లలు చెబుతారు. ఎవరి మాటనూ కొట్టిపారేయకుండా వినే ఓపిక టీచరుకుంటే చాలు.

9. టీచరును ఒంటరిగా వదలకూడదు.

ఇద్దరు టీచర్ల బడిలో కొత్త పని మొదలుపెట్టినవాళ్లు నెలకే అలసిపోతారు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక అరగంట దీనికి కేటాయించమని ప్రధానోపాధ్యాయులను అడుగుతున్నాను. ఒక్కొక్కరూ తమ పిల్లలు చేసిన వస్తువొకటి, దాని గురించి పిల్లలు అన్న మాటలు రాసుకున్న కాగితమొకటి తెస్తే చాలు. కాగితం మాత్రం మరవకండి.