కఫపరీక్షా ద్రావణములు

రెండు వారములైనను వదలని దగ్గు పొగాకుధూళి వలన కలిగినదో, క్షయవలన కలిగినదో వినినంత మాత్రమున తెలియదు. బీడీలు చుట్టు కుటుంబములు గల మన రాయవేలూరు, గుడియాత్తం ప్రాంతములవారు ఈ సంగతి నెరుగవలెను. కఫపరీక్షయే దారి.

క్షయక్రిమిని 1882లో రాబర్ట్ కోక్ కనుగొనెను. జీల్, నీల్సనుల రంగుల పద్ధతికి మూడు ద్రావణములు కావలెను.

1. కార్బాల్ ఫుక్సిన్: ఫుక్సిన్ 1 గ్రాము, ఆల్కహాలు 10 మి.లీ., ఫినాలు 5 గ్రాములు. నీటితో మొత్తము 100 మి.లీ. ఇది క్రిమికి ఎరుపునిచ్చును.

2. గంధకికామ్లము, 25 శాతము: తక్కినవాని ఎరుపును తొలగించును, మైనపు పూతగల క్రిమి దానిని విడువదు. ఆమ్లమునే మెల్లగా నీటిలో పోయవలెను. నీటిని ఆమ్లములో పోయరాదు.

3. మిథిలీన్ బ్లూ, 0.1 శాతము: వెనుకభాగమునకు నీలమునిచ్చును.

రంగులను గోధుమవన్నె సీసాలలో, బిగుతైన మూతలతో, ఎండ తగులనిచోట నుంచవలెను. పేరు, గాఢత, చేసిన తేదీ, గడువు వ్రాయవలెను. మడ్డి కనిపించిన వడగట్టవలెను. రంగురేణువు క్రిమివలె భ్రమగొల్పును. క్రొత్త ద్రావణమును క్రిములున్నదానిపైనను, లేనిదానిపైనను ముందుగా పరీక్షింపవలెను.

చెడిన ద్రావణము రోగిని నీరోగిగా చూపును. అతడు ఇంటికేగి బిడ్డల నడుమనే దగ్గుచుండును. కావున తల్లిదండ్రులారా! క్రిమి లేదన్న పిదపను దగ్గు తగ్గనిచో మరల వైద్యుని చూడుడు. క్రిమి జన్యుపదార్థమును పట్టు సూక్ష్మతర పరీక్షలును నేడు గలవు.